మ్యాపు జూసుడు వేరు, సదువుడు వేరు: పది దినాల వాన అంచనా ముచ్చట

వినాయక చవితి పోయి బతుకమ్మ దగ్గరపడేటాల్లకు ప్రతి ఊరి వాట్సాప్ గ్రూపుల రంగుల మ్యాపులు తిరుగుడు షురువైతది. బంగాళాఖాతం మీద ఎర్రగ, ఊదాగ ఒక పెద్ద మచ్చ. కింద "వచ్చే వారం తెలంగాణల కుండపోత" అని రాత. రెండో రోజు ఇంకో మ్యాపు వస్తది, దాంట్ల మన జిల్లాలన్ని తెల్లగుంటయ్. మూడో రోజు మల్ల ఎరుపు. ఇగ జనం రెండు తీర్ల మాట్లాడుతరు. కొందరు "వీళ్లు చెప్పేది ఒక్కటి కాదు" అని కొట్టిపారేస్తరు. ఇంకొందరు బుగులువడి పచ్చి వరినే కోపిస్తరు. రెండు తీర్లా నష్టపోయేది రైతే.

ఈ కాలంల వాన అంచనా అంటే పొద్దువోని ముచ్చట కాదు. సెప్టెంబర్ నడిమి నుంచి అక్టోబర్ ఆఖరు దాక మన దగ్గర పంట చేతికచ్చే టైం. ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్ దిక్కు సోయా కోతకొస్తది. మక్కలు ఇరిసి కల్లాలల్ల, రోడ్ల మీద ఆరబోస్తరు. పత్తి పలిగి మొదటి ఏరుడు మొదలైతది. ముందుగాల నాటేసిన వరి గొలుసు ఒంగుతది. పత్తిల తేమ 8 శాతం లోపుంటెనే సీసీఐ కాడ పూర మద్దతు ధర వస్తది, 12 శాతం దాటితే కొనరు. వడ్లకు హద్దు 17 శాతం, మక్కలకు 14 శాతం. అంటే ఒక్క పూట వానకు కూడ ధర తెగ్గోసుకోవాల్సి వస్తది. ఆ వాన వచ్చే ముందట పరదా కప్పినమా లేదా అన్నదాని మీదనే కౌలు, మిత్తి, పిల్లల ఫీజు అన్నీ ఆధారపడి ఉంటయ్.

అందుకే పది దినాల అంచనాను ఎట్ల సదవాలె, ఎంత నమ్మాలె, ఎక్కడ ఆగాలె అన్నది ఊర్లల్ల ఉండే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు తెలువాలె. ఫోన్ మీ చేతుల ఉన్నది. ఇంట్ల నాయిన, అమ్మ "రేపు వానుందా బిడ్డా" అని అడిగేది మిమ్ములనే.

మోడల్ అంటే ఏంది?

వాతావరణ శాఖ లెక్కల మూడు దినాల దాక చెప్పేది స్వల్పకాలిక అంచనా. మూడు నుంచి పది దినాల దాక చెప్పేది మధ్యకాలిక అంచనా. ఈ మధ్యకాలిక పనికోసమనే 1988ల మన దేశంల ఒక కేంద్రం పెట్టిన్రు. జాతీయ మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రం అంటరు, ఇప్పుడు నోయిడాల ఉన్నది.

మోడల్ అంటే మాయ మంత్రం కాదు, పెద్ద లెక్క. భూమి చుట్టున్న గాలిని కంప్యూటర్ల చిన్న చిన్న గళ్లుగ కోస్తరు. ప్రతి గడిల ఇప్పుడు గాలి ఎటు వీస్తుంది, ఎంత జోరుగ వీస్తుంది, వేడి ఎంత, తేమ ఎంత, ఒత్తిడి ఎంత అని నింపుతరు. ఈ సమాచారం ఉపగ్రహాల నుంచి, ఓడల నుంచి, విమానాల నుంచి, బేగంపేట లాంటి చోట్ల పొద్దుగాల, పొద్దుమూకి ఎగరేసే బెలూన్ల నుంచి వస్తది. ఆ తర్వాత భౌతికశాస్త్రం సూత్రాలతోని "ఇంకొన్ని నిమిషాలకు ప్రతి గడిల పరిస్థితి ఎట్లుంటది" అని లెక్క గడుతరు. వచ్చిన జవాబును పట్టుకొని మల్ల ఇంకొన్ని నిమిషాల లెక్క. గిట్ల పది దినాల దాక అల్లుకుంట పోతరు.

మీ ఫోన్ల ఎక్కువగ కనపడేటియి మూడు నాలుగు మోడళ్లే. అమెరికాది జీఎఫ్ఎస్, దాని గడి 13 కిలోమీటర్ల లెక్కన ఉంటది. యూరప్ కేంద్రం ఈసీఎండబ్ల్యూఎఫ్‌ది 9 కిలోమీటర్లు. మన వాతావరణ శాఖ 12 కిలోమీటర్ల మోడల్ నడిపిస్తది. పుణెల ఉన్న ఐఐటీఎం తయారు చేసిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 2025 మే 26న మొదలైంది, దాని గడి 6 కిలోమీటర్లు.

గడి సైజు ఎందుకు చెప్తున్నమంటె, అంచనాను ఎంత దగ్గరికి జరిపి సదవచ్చో అది చెప్తది. 12 కిలోమీటర్ల గడి అంటే 144 చదరపు కిలోమీటర్లు. మన దగ్గర ఒక మండలం సగటున 180 చదరపు కిలోమీటర్లు ఉంటది. అంటే దాదాపు మండలమంత జాగకు మోడల్ ఒకటే అంకె ఇస్తది. మీ ఊరి చెరువు, పక్కూరి గుట్ట దానికి వేరు వేరుగ తెలువయ్. మొగులు మీద పొద్దుగూకే యాళ్లకు లేసే ఉరుముల మబ్బు ఒక్కోపారి అయిదారు కిలోమీటర్ల అడ్డమే ఉంటది. అట్లాంటి మబ్బు మోడల్ గడిలకు రాదు, ఉజ్జాయింపుగ లెక్క గట్టాల్సిందే. "మోడల్ 20 మిల్లీమీటర్లు చెప్పింది, మా ఊర్ల సుక్క పడలే, పక్కూర్ల 60 పడ్డది" అంటే మోడల్ మొత్తానికి తప్పినట్టు కాదు. అది చెప్పింది మండలం సగటు, మనం అడిగింది మన చెల్క ముచ్చట.

సుక్కంత తేడా, కొండంత ఫరక్

1961ల ఎడ్వర్డ్ లోరెంజ్ అనే అమెరికా శాస్త్రవేత్త కంప్యూటర్ల ఒక చిన్న వాతావరణ మోడల్ నడిపిచ్చిండు. ఒక లెక్కను నడిమిట్ల నుంచి మల్ల నడపాలని 0.506127 అనే అంకెను 0.506 అని పొట్టిగ కొట్టిండు. కొద్దిసేపు రెండు లెక్కలు జోడెడ్ల లెక్క కలిసి నడిచినయ్. ఆ తర్వాత మెల్లగ విడిపోయి, ఒకదానికొకటి సంబంధమే లేకుంట పోయినయ్. మొదట్ల వెయ్యిల ఒక వంతు కూడ లేని తేడా, చివరకు రెండు వేరు వేరు వాతావరణాలను చూపెట్టింది.

మోడల్ పదో దినం అంచనా తలకిందులైతదంటె కారణం గిదే. బంగాళాఖాతం మీద అంతట బెలూన్లు ఎగరేస్తలేము. సముద్రం మీది తేమను ఉపగ్రహం చూస్తది గని దానికి సుత హద్దులున్నయ్. మొదట్ల నింపే అంకెలల్ల చిన్న లోపం ఎప్పుడూ ఉంటది. అది దినదినం పెరుగుతది. యూరప్ లాంటి చల్లటి దేశాల కంటె మన లాంటి ఉష్ణమండలంల ఇది ఇంకా తొందరగ పెరుగుతది. ఎందుకంటె మన దగ్గర వాన చాలావరకు మబ్బులు నిట్టనిలువుగ లేసుడుతోని పడుతది, ఆ లేసుడును ముందుగాల పట్టుకునుడు కష్టం. కనుక యూరపోళ్లు తమ ఏడో దినం అంచనాను నమ్మినంత మనం మన ఏడో దినం అంచనాను నమ్మొద్దు.

ఒక్క జవాబు కాదు, యాభై ఒక్క జవాబులు

మొదటి అంకెలు పక్కాగ తెలువయ్ అనుకున్నప్పుడు ఏం చెయ్యాలె? శాస్త్రవేత్తలు ఒక ఉపాయం చేసిన్రు. మొదటి అంకెలను కొద్ది కొద్దిగ మార్చి ఒకే మోడల్‌ను మస్తు సార్లు నడుపుతరు. యూరప్ కేంద్రం గిట్ల 51 సార్లు నడుపుతది. మన వాతావరణ శాఖ 2018 నుంచి 21 సార్లు నడిపే పద్ధతి తెచ్చింది. దీన్ని ఎన్సెంబుల్ అంటరు. మన మాటల గుంపు అంచనా అనుకోండి.

ఊర్ల పెద్దమనుషులు పంచాయితీ చేసినట్టే ఇది. యాభై ఒక్క మందిల నలభై అయిదు మంది ఒక్కటే మాట చెప్తే నమ్మకం గట్టిది. ఇరవై మంది అటు, ఇరవై మంది ఇటు, మిగిలినోళ్లు నడిమిట్ల అంటే "ఇంక తేలలేదు" అని అర్థం. తేలలేదు అన్నది కూడ ఒక సమాచారమే. అప్పుడు కోత మిషన్‌కు బయానా ఇచ్చుడు రెండు దినాలు ఆపుకోవచ్చు.

ఇక్కడ ఒక తిరకాసు ఉన్నది. కొన్ని మ్యాపులు గుంపు మొత్తం సగటును చూపెడుతయ్. గుంపుల సగం మంది "వానే లేదు" అన్నరు, సగం మంది "100 మిల్లీమీటర్లు" అన్నరు అనుకుందాం. సగటు 50 మిల్లీమీటర్లు వస్తది. గని ఆ 50 అన్నోడు గుంపుల ఒక్కడు సుత లేడు. వాయుగుండం మన మీదికొస్తే 100 పడుతది, ఒడిశా దిక్కు పోతే సుక్క పడది. అందుకే సగటు ఒక్కటే జూసి "మోస్తరు వానలే" అని నిమ్మళంగ కూసోవద్దు. ఎంతమంది పెద్ద వాన చెప్తున్నరు, ఎంతమంది లేదంటున్నరు అన్నది జూడాలె.

వాట్సాప్ల తిరిగే ఎరుపు మ్యాపు చాలాసార్లు ఒక్క మోడల్‌ది, ఒక్కసారి నడిపిన జవాబు. పంచాయితీల ఒక్క మనిషి మాట. వ్యూస్ కోసం యాభై ఒక్కటిల అన్నిటికంటె బుగులు పెట్టేదాన్ని ఏరి పెట్టెటోళ్లు సుత ఉన్నరు.

మన దగ్గర ఈ కాలంల వాన మూడు తీర్లు

మోడల్ ఏం చెప్పిందో అడిగే ముందట, అది ఏ తీరు వాన గురించి చెప్తుందో అడగాలె. సెప్టెంబర్, అక్టోబర్ల మన దగ్గర వాన మూడు తీర్ల వస్తది.

మొదటిది సముద్రం వాన. బంగాళాఖాతంల అల్పపీడనం పుట్టి, బలపడి వాయుగుండమై తీరం దాటి లోపలికొస్తది. గాలి వేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లుంటె వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను అంటరు. ఇది వందల కిలోమీటర్ల ఆకారం కాబట్టి మోడళ్లు దీన్ని అయిదారు దినాల ముందుగాలనే పసిగడుతయ్. పుడుతదా లేదా అన్నదానికంటె ఎటు పోతది అన్నదే కష్టం. పడమటికి పోయే వాయుగుండాలకు పెద్ద వాన సాధారణంగ దాని నడిమికి నైరుతి దిక్కున పడుతది. అందుకే ఒడిశా కాడ దాటితే ఆసిఫాబాద్, ఆదిలాబాద్, మంచిర్యాల దిక్కు, కాకినాడ, మచిలీపట్నం నడుమ దాటితే ఖమ్మం, నల్లగొండ, వరంగల్, హైదరాబాద్ దిక్కు జోరు ఉండే అవకాశం ఎక్కువ. నాలుగైదు దినాల ముందట తోవ 150, 200 కిలోమీటర్లు అటిటు అయ్యుడు మామూలే. మోడల్ గని ఆ 200 కిలోమీటర్లు తప్పితే ఆదిలాబాద్ వాన కింది జిల్లాలకు జరుగుతది.

ఇట్లాంటి వానలు మనకు కొత్త కాదు. 2020 అక్టోబర్ 13న తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. ఆ దినమే హైదరాబాద్ మునిగింది, ఘట్‌కేసర్ల 24 గంటలల్ల 32 సెంటీమీటర్ల వాన పడ్డది. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర దాటి, బలం తగ్గి, మన మీదినుంచే అరేబియా సముద్రం దాక పోయింది, అక్కడ మల్ల బలపడి షాహీన్ పేరుతోని ఒమాన్‌ను కొట్టింది. 2024 ఆగస్టు ఆఖరు, సెప్టెంబర్ ఒకటిల వాయుగుండం వానకు మున్నేరు పొంగి ఖమ్మం మునిగింది, మహబూబాబాద్ జిల్లాల రైలు పట్టాల కింది కట్ట కొట్టుకపోయింది.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటితే, సముద్రానికి అంత దూరమున్న హనుమకొండ, వరంగల్ కాలనీలు మునిగినయ్. దీంట్ల రెండు పాఠాలున్నయ్. తుపాను "బలహీనపడ్డది" అంటే గాలి తగ్గిందని అర్థం, వాన తగ్గిందని కాదు. ఇంకోటి, ఆ యేడు నైరుతి రుతుపవనాలు దేశం నుంచి మొత్తం వాపస్ పోయినయని అక్టోబర్ 16న ప్రకటించిన్రు. మొంథా వచ్చింది ఆ తర్వాత 12 దినాలకు. "నైరుతి పోయింది, ఇగ వానల్లేవు" అనుకునుడు మంచిది కాదు.

రెండోది మాపటేళ ఉరుముల వాన. పొద్దంతా ఎండ సుర్రుమంటది, నేలల తడి ఉంటది, మూడు నాలుగు గంటలకు మబ్బు లేసి గంటసేపు దంచి పోతది. ఇది ఏ ఊరి మీద పడుతదో అయిదు దినాల ముందట ఏ మోడల్ చెప్పలేదు. "ఈ నాలుగు దినాలు ఉరుముల వానలకు వాతావరణం అనుకూలంగ ఉన్నది" అన్నంత వరకే చెప్తది. ఏ ఊరికి అన్నది తెలుసుకోవాలంటె అదే దినం రాడార్, మూడు గంటలకోసారి ఇచ్చే హెచ్చరిక జూడాలె. పిడుగుల కోసమైతె దామిని యాప్ ఉన్నది. పత్తి ఏరబోయే ఆడోళ్ల ఫోన్లల్ల, కైకిలి మేస్త్రీ ఫోన్ల అది తప్పక ఉండాలె.

మూడోది వాపస్ పోయే కాలం. నైరుతి వాపస్ పోవుడు మామూలుగ సెప్టెంబర్ 17 దగ్గర పడమటి రాజస్థాన్‌ల మొదలై, అక్టోబర్ 15 వరకు దేశమంత అయిపోతది. అయిదు దినాలు వరుసగ వాన లేకుంట పోవుడు, కింది గాలులు తిరుగుబాటు పట్టుడు, గాలిల తేమ బాగ తగ్గుడు జూసి వాతావరణ శాఖ ప్రకటిస్తది. మోడల్ల వాన మ్యాపుతోని పాటు గాలి మ్యాపు జూస్తే ఇది మీకు సుత అర్థమైతది. పడమటి గాలి ఆగి, ఉత్తరం, ఈశాన్యం దిక్కు నుంచి పొడి గాలి మూడు నాలుగు దినాలు వరుసగ కనపడితే మక్కలు, సోయా ఎండబోసేటందుకు మంచి అదను. ఇట్లాంటి పొడి రోజుల అంచనా మోడళ్లకు కొంచెం అలకనే.

దినాల లెక్కన నమ్మకం

ఒకటి నుంచి మూడు దినాలు: జిల్లా, కొంతవరకు మండలం లెక్కన నమ్మచ్చు. పని మొదలుపెట్టుడు, ఆపుడు దీని మీదనే తేల్చుకోవాలె.

నాలుగు, అయిదు దినాలు: జిల్లాల గుంపు లెక్కన సదవాలె. "ఉత్తర తెలంగాణల వానలుంటయ్" వరకు నమ్మచ్చు. "మా ఊర్ల గురువారం 3 గంటలకు" అని మాత్రం అనుకోవద్దు. కోత మిషన్, కైకిలోళ్లు, పరదాల గురించి ముందే మాట్లాడి పెట్టుకునే టైం ఇది.

ఆరు, ఏడు దినాలు: సముద్రంల ఏమన్న తయారైతుందా, వారం తడిగుంటదా, పొడిగుంటదా అన్నంత వరకే.

ఎనిమిది నుంచి పది దినాలు: చెవిల వేసుకోవాలె, చెయ్యి పెట్టొద్దు.

పది దినాలు దాటితే మోడల్ కంటె పెద్దోళ్ల కార్తెల లెక్కనే నయం. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెత తరాల అనుభవం మీద వచ్చిన సగటు. ఏ కాలంల మామూలుగ ఏమైతది అన్నది కార్తె చెప్తది. ఈ యేడు, ఈ వారం ఏమైతది అన్నది మోడల్ చెప్తది. మోడల్ చూపు మసకబారిన కాడ కార్తె మాట ఆసరైతది. రెంటికి కొట్లాట పెట్టుడు అక్కర లేదు.

యాప్‌ల పదో దినం కాడ మబ్బు బొమ్మ, "మధ్యాహ్నం 2 గంటలకు 4 మిల్లీమీటర్లు" అని ఉంటే నవ్వుకొని ముందుకు పోండి. ఆ బొమ్మను మనిషి పెట్టలేదు. మోడల్ అంకెను కంప్యూటర్ తనంతల తానే బొమ్మగ మార్చింది. అందుకే పొద్దుగాల మబ్బు, మాపటికి ఎండ అని మారుతనే ఉంటది.

మ్యాపు మీద ముందుగాల ఏం జూడాలె

ఒకటి, తారీఖు. మోడల్ ఏ దినం, ఏ టైంకు నడిచింది? అయిదు దినాల కింది మ్యాపు ఇయ్యాల ఫార్వర్డ్ అయితే అది సద్దన్నం. మోడళ్ల టైం లండన్ దిక్కు టైంల రాస్తరు, అంకె పక్కన జెడ్ అనే అక్షరం ఉంటది. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన టైం. 00 జెడ్ అంటే మన పొద్దుగాల 5:30, 12 జెడ్ అంటే మాపటి 5:30.

రెండు, ఎంత కాలం వాన అది? కొన్ని మ్యాపులు ఒక్క దినం వాన చూపెడుతయ్, కొన్ని పది దినాల వాన మొత్తం కలిపి చూపెడుతయ్. పది దినాలల్ల 120 మిల్లీమీటర్లంటె పొలానికి మేలు, ఒక్క దినంల 120 అంటే గండం. రంగు రెంటికి ఒక్కటే ఉండచ్చు. పక్కన రాసిన గంటలు సదవకుంట ఫార్వర్డ్ చెయ్యొద్దు.

మూడు, వాతావరణ శాఖ దినం పొద్దుగాల 8:30కు మొదలై రెండో దినం 8:30కు అయిపోతది. గురువారం పేపర్ల "24 గంటల వాన" అంటే చాలావరకు బుధవారం పడ్డదే. అంచనా నిజమైందా లేదా పోల్చేటప్పుడు ఇది యాదుంచుకోవాలె.

నాలుగు, మాటలకు కొలతలున్నయ్. 24 గంటలల్ల 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు "భారీ", 204.4 దాక "అతి భారీ", ఆ మీద "అత్యంత భారీ". "ఒకటి రెండు చోట్ల" అంటే వాన కొలిచే కేంద్రాలల్ల నాలుగో వంతుకు మించకుంట. "కొన్ని చోట్ల" అంటే సగం దాక, "చాలా చోట్ల" అంటే ముప్పావు దాక, "దాదాపు అన్ని చోట్ల" అంటే ఆ మీద. "ఒకటి రెండు చోట్ల భారీ వాన" అని చెప్పినప్పుడు మన ఊర్ల పడకపోతే అంచనా తప్పలేదు, ఆ ఒకటి రెండు చోట్లల్ల మన ఊరు లేదు అంతే. ఒక ఎకరం మీద ఒక్క మిల్లీమీటర్ వానంటె 4 వేల లీటర్ల నీళ్లు. 115 మిల్లీమీటర్లంటె ఎకరానికి నాలుగు లక్షల అరవై వేల లీటర్లు. ఆ లెక్క మనసుల పెట్టుకుంటె "భారీ" అన్న మాట బరువు తెలుస్తది.

అంచనా ఎట్ల ముదురుతదో ఒక ఉదాహరణ

అక్టోబర్ 5 అనుకుందాం. ఒక మోడల్ 13 నాటికి వాయుగుండం వస్తదని చూపెట్టింది. ఎనిమిది దినాల ముచ్చట, కాబట్టి మీరు చెయ్యాల్సింది ఏం లేదు. ఇంకో రెండు మోడళ్లు, గుంపు అంచనా జూసి పెట్టుకోండి.

7 నాటికి మూడు మోడళ్లల్ల రెండు అదే మాట చెప్తున్నయ్, గుంపుల సగం మంది ఒప్పుకున్నరు. ఇగ కోత మిషన్ ఎవరి దగ్గరున్నదో, పరదాలు ఎన్ని ఉన్నయో అడిగి పెట్టుకోండి.

9 నాటికి ప్రతి కొత్త లెక్కల తోవ కొంచెం కొంచెం కిందికి, మన దిక్కు జరుగుతుంది. ఒక లెక్కకు ఇంకో లెక్కకు మధ్య ఎగురుడు దునుకుడు లేకుంట ఒకే దిక్కు జరుగుడు పనికొచ్చే గుర్తు. వాతావరణ శాఖ ఎల్లో ఇచ్చింది. పండిన పత్తి ఏరిపియ్యండి, ఎండిన మక్కలను సంచులల్ల నింపండి, కొత్తగ ఏదీ ఆరబోయకండి.

11 నాటికి ఆరెంజ్ వచ్చింది. కోసిన వడ్లు కల్లంల ఉంటే ఎత్తుగడ్డ మీదికి మార్చి కప్పుడు, పొలంల నీళ్లు పోయే కాలువ తవ్వుడు. ఇప్పటి నుంచి పది దినాల మ్యాపుతోని పని లేదు, వాతావరణ శాఖ బులెటిన్, రాడార్ జూడుడే. రెడ్ వచ్చినంక "మోడల్ల తక్కువనే ఉన్నది" అని వాగు దాటే సాహసం చెయ్యొద్దు. ప్రాణం కాడ సొంత లెక్కలు పనికిరావు.

శాతం జూసి పైసల లెక్క

"30 శాతం వాన అవకాశం" అని చెప్తే, పడకపోతే అబద్ధమా? కాదు. అట్లాంటి పది దినాలల్ల మూడు దినాలు వాన పడి, ఏడు దినాలు పడకపోతేనే ఆ అంచనా నికార్సైనది. యాప్‌ల శాతం జూసేటప్పుడు వాన ఎంత అన్నది సుత జూడాలె. జల్లుకు 80 శాతం అవకాశం కంటె కుండపోతకు 20 శాతం అవకాశమే ఎక్కువ ప్రమాదం.

మరి ఎంత శాతం కాడ కదలాలె? దానికి ఒక సాదా లెక్క ఉన్నది. జాగ్రత్తకు అయ్యే ఖర్చును, జాగ్రత్త పడకపోతే వచ్చే నష్టంతోని భాగించాలె. కల్లంల 40 క్వింటాళ్ల వడ్లున్నయనుకుందాం. పరదాల కిరాయి, కైకిలి కలిపి 1,500 రూపాయలు. తడిస్తే క్వింటాకు 300 చొప్పున 12,000 నష్టం. 1,500ను 12,000తోని భాగిస్తే ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం. వాన అవకాశం 15 శాతమున్నా కప్పుడే లాభం. ఆరుసార్లు కప్పితే అయిదుసార్లు వాన రాకున్నా బాధపడొద్దు, ఆ ఆరోసారి కోసమే ఖర్చు పెట్టింది.

ఇప్పుడు ఇంకోటి. వరి ఇంక వారం ఆగాలె. ఇప్పుడే కోస్తే తాలు, తేమ కలిసి 8,000 పోతయి. ఆగితే, పెద్ద వాన వచ్చి పడిపోతే 16,000 పోతయి. ఇక్కడ లెక్క సగం, అంటే 50 శాతం. పెద్ద వాన అవకాశం సగం దాటినంకనే పచ్చి వరి కోసుడు గురించి ఆలోచించాలె. ఒకటే అంచనా, ఇద్దరు రైతులు, రెండు వేరు నిర్ణయాలు. ఇద్దరిదీ సరైనదే. ఈ అంకెలు ఉదాహరణకే, మీ ఊరి కిరాయిలు, ధరలు పెట్టి మీరే లెక్క గట్టండి.

సర్కారు చెయ్యాల్సింది, మనం చెయ్యాల్సింది

గ్రామీణ కృషి మౌసం సేవ కింద మంగళవారం, శుక్రవారం జిల్లాల వారీగ రైతులకు బులెటిన్లు వస్తయ్. మేఘ్‌దూత్ యాప్ ఉన్నది. 2024 అక్టోబర్ 24న గ్రామ పంచాయతీ లెక్కన అంచనాలు ఇచ్చుడు మొదలుపెట్టిన్రు. మన రాష్ట్రంల వెయ్యికి పైన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నయ్. సరుకు ఉన్నది. లేనిదల్లా అది మన కల్లం దాక వచ్చే తోవ. బులెటిన్ భాష పుస్తకం భాష. "వర్షపాతం నమోదయ్యే అవకాశం కలదు" అంటే మా అవ్వకు ఏం తెలుస్తది? అవకాశం ఎంత, ఎన్నింటిల ఎన్ని లెక్కలు ఒప్పుకున్నయ్, నిన్నటికి ఇయ్యాల్టికి అంచనా ఎందుకు మారింది అన్నది సాఫ్ మాటల చెప్పాలె. మోడళ్లు నడిచేది ప్రజల పైసలతోని. ఆ లెక్కలను ప్రజల మాటల చెప్పుడు దయ కాదు, బాధ్యత. కొనుగోలు సెంటర్ల కాడ తేమ మిషన్ పెట్టినట్టే అయిదు దినాల వాన బోర్డు పెట్టాలె, వడ్లు పోసిన ప్రతి రైతుకు అందేటట్టు పరదాలు ఉంచాలె. పరదా లేనోడికి ఎంత మంచి అంచనా ఇచ్చినా అది ముందుగాల తెలిసిన బాధే అయితది.

ఇగ మన పని. ఊరికి ఇద్దరు ముగ్గురు జమై ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతి దినం మూడో దినం, అయిదో దినం అంచనా రాయండి, ఆ దినం వచ్చినంక దగ్గరి కేంద్రంల ఎంత పడ్డదో పక్కన రాయండి. చెప్పింది వచ్చిందెన్ని, చెప్పింది రానిదెన్ని, చెప్పకుంట వచ్చిందెన్ని అని మూడు గీతలు గియ్యండి. ఉత్తర నుంచి స్వాతి దాక రెండు నెలలు రాస్తే, ఏ మోడల్ మీ దిక్కు ఎట్ల తప్పుతదో, ఎక్కడ నిలబడుతదో మీకే తెలుస్తది. ఒక్కసారి నిజమైందని ఎవ్వరిని నెత్తికెక్కించుకోకండి, ఒక్కసారి తప్పిందని ఎవ్వరిని తిట్టకండి. లెక్క జూసి మాట్లాడండి.

గ్రూపుల మ్యాపు పెట్టే ముందట నాలుగు ముక్కలు రాయండి: ఏ మోడల్, ఏ దినం లెక్క, ఎన్ని దినాల వాన, ఎంత నమ్మకం. ఈ నాలుగు రాయలేకపోతే ఆ మ్యాపు పెట్టకుంట ఉండుడే ఊరికి మేలు.